పాత ఫ్లాట్‌ను తక్కువ ఖర్చుతో బాగుచేసుకోవడం: తిరుపతి ఇళ్లకు వరుసవారీ మార్గదర్శి

తిరుపతిలో 15, 20 ఏళ్ల నాటి ఫ్లాట్ కొన్నవాళ్లు, అమ్మానాన్నల ఫ్లాట్‌లోకి మారుతున్నవాళ్లు పదేపదే అడిగేది ఒకటే. "చేతిలో ఉన్నది కొంచెం. ముందు ఏం చేయించాలి?"

ముందు నీళ్లు, తర్వాత కరెంటు, ఆ తర్వాత గోడ, నేల, వంటిల్లు. అన్నిటికన్నా చివర సామాను. ఈ వరుస తప్పితే ఒకే పనికి రెండుసార్లు డబ్బు కట్టాలి.

నేను కట్టాను. కొర్లగుంట వైపు మా టూ బీహెచ్‌కేలోకి వచ్చేటప్పుడు ముహూర్తం దగ్గరపడిందని ముందు రంగులు వేయించేశాను. మూడు నెలలకు బెడ్‌రూములో బాత్రూము పక్క గోడ మీద రంగు బుడగలు కట్టింది. వేలితో నొక్కితే లోపల లప్పం (పుట్టీ) తడి పిండిలా ఉంది. గోడ పగలగొట్టి, పైపు మార్చి, ఆరబెట్టి, మళ్లీ లప్పం, మళ్లీ రంగు. పెయింటర్ ఒక్క మాట అన్నాడు: "ముందు ప్లంబర్‌ని పిలిచుంటే నన్ను రెండుసార్లు పిలిచే పని ఉండదు కదా సార్."

1. వారం రోజులు ఊరికే చూడండి

తాళం చేతికొచ్చిన రోజే మేస్త్రీని పిలవకండి. ఒక నోటు పుస్తకం, టేపు, టార్చి లైటు, రూపాయి బిళ్ల పట్టుకుని ఒక్కో గదీ తిరగండి. ఉదయం ఒకసారి, మధ్యాహ్నం ఎండలో ఒకసారి, రాత్రి లైట్లు వేసి ఒకసారి.

☐ బాత్రూముకు ఆనుకున్న ప్రతి గోడనూ అవతలి గదిలోంచి చూడండి. చెమ్మ మచ్చ, ఉప్పు తేలిన తెల్లటి పొడి ఉంటే రాసుకోండి.
☐ బాత్రూము సీలింగ్ చూడండి. అక్కడ మరక ఉంటే లీకు పై ఫ్లాట్‌ది. ముందు వాళ్లతో మాట్లాడాలి.
☐ కింది ఫ్లాట్‌వాళ్ల తలుపు తట్టి, వాళ్ల బాత్రూము సీలింగ్ చూపించమనండి. మీ నేల సంగతి అక్కడే తెలుస్తుంది.
☐ నేల టైల్స్ మీద రూపాయి బిళ్లతో కొట్టండి. బోలుగా మోగినవాటికి సుద్దముక్కతో గుర్తు పెట్టండి.
☐ స్విచ్‌బోర్డు ప్లేట్ల చుట్టూ నల్లటి మసి, కాలిన వాసన ఉన్నాయేమో చూడండి.
☐ తలుపు ద్వారబంధాల అడుగున, అటకల మూలల్లో చెదలు ఉన్నాయేమో చూడండి.
☐ కరెంటు బిల్లులో మంజూరైన లోడు ఎంతో రాసుకోండి. రెండు ఏసీలు, రెండు గీజర్లు పెట్టే ఆలోచన ఉంటే లోడు పెంచమని దరఖాస్తు ముందే పెట్టాలి.

గోడలో చెమ్మ ఉందో లేదో అనుమానమైతే అడుగు పొడవు, అడుగు వెడల్పు ప్లాస్టిక్ షీటును నాలుగు వైపులా టేపుతో గోడకు అంటించి 24 గంటలు వదిలేయండి. షీటు లోపలివైపు నీటి చుక్కలు పడితే ఆ గోడ ఇంకా రంగుకు సిద్ధంగా లేదు.

2. డబ్బు పంచుకోవడం

చేతిలో 4 లక్షలు ఉన్నాయనుకుందాం. 950 చదరపు అడుగుల టూ బీహెచ్‌కే. నేనైతే ఇలా పంచుతాను:

- రెండు బాత్రూములు, పైపులు: 90,000
- కరెంటు: 50,000
- లప్పం, రంగులు: 60,000
- వంటిల్లు: 70,000
- బీరువాలు, అటకల తలుపులు: 50,000
- సామాను: 30,000
- ముట్టుకోకుండా పక్కన పెట్టేది: 50,000

రేట్లు నెలనెలా మారతాయి కాబట్టి అంకెలను పట్టుకోకండి, వాటాలు చూడండి. సామానుకు 30 వేలేనా అంటారు. అవును, మొదటి ఏడాది అంతే. సోఫా వచ్చే ఉగాదికి కొనుక్కోవచ్చు. గోడలో పైపు మార్చాలంటే మళ్లీ ఇల్లంతా దుమ్మే.

పక్కన పెట్టిన 50 వేలు మీకే తెలియని ఖర్చుకు. టైల్స్ తీశాక కింద ఏం బయటపడుతుందో ఏ మేస్త్రీ ముందుగా చెప్పలేడు.

3. ఎప్పుడు మొదలుపెట్టాలి

మనకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. 2021 నవంబరు వరదలు చూసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. ఆ నెలల్లో వేసిన లప్పం ఆరదు, రంగు సరిగ్గా పట్టదు.

సంక్రాంతి వెళ్లిన మర్నాటి నుంచి ఏప్రిల్ చివరి దాకా మంచి కాలం. కనుమకు ఊరెళ్లిన కూలీలు తిరిగొస్తారు, ఎండ పెరుగుతుంది, ఆరే పనులన్నీ త్వరగా ఆరతాయి. మే నెలలో గంగ జాతర వారంలో మాత్రం పని సాగుతుందని లెక్క వేసుకోకండి. మేస్త్రీ వస్తానంటాడు, రాడు. అతన్ని తప్పుపట్టడం కూడా న్యాయం కాదు.

మొదలుపెట్టే ముందు అపార్ట్‌మెంట్ సంఘానికి కాగితం మీద రాసి ఇవ్వండి: ఎన్ని రోజుల పని, ఏ వేళల్లో కొట్టుడు, చెత్త ఎక్కడ పోస్తారు, ఇసుక లిఫ్టులో తెస్తారా మెట్ల మీదా. పిల్లర్లు, బీములు, స్లాబు ముట్టుకునే పని ఏదైనా ఇంజనీర్ చూడకుండా చేయించకండి.

4. మేస్త్రీతో మాట

పని రెండు రకాలుగా ఇవ్వొచ్చు. మెటీరియల్‌తో సహా గుత్తకు ఇవ్వడం ఒకటి. మెటీరియల్ మీరు కొని కూలి మాత్రం ఇవ్వడం ఇంకొకటి. రోజూ వెళ్లి చూసే తీరిక ఉంటే రెండోదే చవక. ఉద్యోగంతో తీరిక లేకపోతే గుత్తకే ఇవ్వండి, కానీ పైపు, వైరు, ప్లైవుడ్, రంగు ఏ కంపెనీ, ఏ రకం అన్నది కాగితం మీద రాయించుకోండి. "మంచిది వేస్తాం సార్" అన్న మాటకు కొలత లేదు.

డబ్బు ఎప్పుడూ పని వెనకాలే నడవాలి. అడ్వాన్సు ఐదో వంతు దాటనివ్వకండి. మిగతాది దశలవారీగా ఇవ్వండి: పాతది పగలగొట్టి తీసేశాక, పైపులు పరీక్షించాక, టైల్స్ అయ్యాక. చివరి పదో వంతు, అన్నీ సరిచూసుకున్న వారానికి.

5. బాత్రూములు: తొందరపడకూడని చోటు

మొత్తం పనిలో మీరు దగ్గరుండాల్సింది ఇక్కడే. వరుస ఇది:

ఒకటి, పాత టైల్స్, పాత పైపులు పూర్తిగా తీసేయాలి. పాత ఫ్లాట్లలో జీఐ (జింకు పూత ఉన్న ఇనుప) పైపులుంటే లోపల తుప్పు పట్టి దారి సన్నబడి ఉంటుంది. సగం పాతవి, సగం కొత్తవి కలిపితే లీకు ఆ అతుకు దగ్గరే మొదలవుతుంది.

రెండు, కొత్త పైపులు. వేడినీళ్లకు సీపీవీసీ (వేడికి తట్టుకునే ప్లాస్టిక్ పైపు) వేయించండి. చన్నీళ్లకు మామూలు గట్టి ప్లాస్టిక్ పైపు, యూపీవీసీ చాలు.

మూడు, గోడలు మూసే ముందు కుళాయిలు పెట్టే చోట్లన్నీ బిరడాలు బిగించి, ప్రెషర్ పంపుతో పరీక్ష చేయించండి. పంపు మీటరులోని ముల్లు కొన్ని గంటల పాటు కదలకుండా నిలవాలి. అప్పుడే గోడల ఫోటోలు తీసుకోండి, పక్కన టేపు పెట్టి. రేపు అద్దానికి మేకు కొట్టేటప్పుడు ఆ ఫోటోయే దిక్కు.

నాలుగు, నహానీ ట్రాప్ (నేల మీది నీళ్లు పోయే జాలీ గుంత) చుట్టూ, పైపులు స్లాబులోంచి దిగే చోట సందులు కుంచించుకుపోని గ్రౌట్‌తో నింపాలి. ఉత్త సిమెంటు పోస్తే ఆరాక వెంట్రుకంత సందు వదులుతుంది. నీటికి అది చాలు.

ఐదు, వాటర్‌ప్రూఫ్ కోటింగ్ రెండు పూతలు. ఒకటి నిలువుగా, ఆరాక రెండోది అడ్డంగా. నేలతో పాటు చుట్టూ గోడల మీద కనీసం అడుగు ఎత్తు, షవర్ ఉన్న గోడకు 6 అడుగులు.

ఆరు, నీళ్లు నిలబెట్టే పరీక్ష. ట్రాప్ మూసి, రెండు అంగుళాల నీళ్లు నింపి, గోడ మీద నీటిమట్టం దగ్గర పెన్సిల్ గీత గీసి, 48 గంటలు వదిలేయాలి.

మా మేస్త్రీ ఇక్కడే మొండికేశాడు. "ఏం కాదులే సార్, టైల్ వేసేస్తే అంతా మూసుకుపోతుంది, రెండు రోజులు కూలీ దండగ." నేను ఆ రెండు రోజులూ వాళ్లను వంటింటి పాత టైల్స్ తీయడానికి పెట్టాను. రెండో రోజు సాయంత్రానికి నీళ్లు గీత కంటే అర అంగుళం దిగాయి. కింది ఫ్లాట్ పెద్దాయన తన సీలింగ్ మీద తడి మచ్చను ఫోన్‌లో ఫోటో తీసి పంపాడు. తీరా చూస్తే ట్రాప్ పక్కనే సందు. మళ్లీ పూసి, మళ్లీ నింపాం. టైల్స్ వేశాక తెలిసుంటే బాత్రూము మొత్తం పగలగొట్టాల్సి వచ్చేది.

ఏడు, వాలు. 6 అడుగుల బాత్రూముకు ఇంచుమించు ఒక అంగుళం వాలు ఉండాలి. టైల్స్ పరిచిన రోజే, మేస్త్రీ వెళ్లకముందే, అడుగు పెట్టకుండా గుమ్మం దగ్గర నిలబడి చెంబుడు నీళ్లు పోయండి. నీళ్లు ఎక్కడ ఆగితే అక్కడి టైల్ అప్పుడే ఎత్తించాలి. మర్నాటికి గట్టిపడిపోతుంది.

మనూళ్లో చాలాచోట్ల బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి. కుళాయిల మీద తెల్లటి పొర కడుతుంది. అందుకని వంద రంధ్రాల పెద్ద షవర్లకు డబ్బు పెట్టకండి, ఏడాదిలో సగం మూసుకుపోతాయి. మామూలు షవర్, విప్పి కడుక్కునే జాలీ ఉన్న కుళాయిలు చాలు. తెల్ల పొరకు వెనిగర్‌లో తడిపిన గుడ్డ చుట్టి అరగంట ఉంచి తుడవండి. యాసిడ్ పోస్తే టైల్స్ మధ్య సిమెంటు గ్రౌట్‌ను తినేస్తుంది, లీకు అక్కడి నుంచి మళ్లీ మొదలు. బాత్రూము వరకు సిమెంటు బదులు రెసిన్‌తో చేసిన ఎపాక్సీ గ్రౌట్‌కు ఎక్కువ డబ్బు పెట్టడం దండగ కాదు.

6. కరెంటు

గోడలన్నీ పగలగొట్టకుండానే చాలా ఇళ్లలో వైరింగ్ మార్చొచ్చు. గోడలోని వైరు పైపులు బాగుంటే పాత వైరుకు కొత్త వైరు కట్టి లాగేస్తారు. ముందు ఒక గదిలో ప్రయత్నించమని ఎలక్ట్రీషియన్‌ను అడగండి. ఆ ఒక్క ప్రశ్న చాలా కూలీ మిగులుస్తుంది.

- లైట్లు, ఫ్యాన్లకు 1.5 చదరపు మి.మీ. వైరు
- వంటింటి 16 ఆంప్స్ ప్లగ్గులకు 2.5
- ఏసీకి, గీజర్‌కు ఒక్కోదానికి విడి లైను, 4 చదరపు మి.మీ., విడి ఎంసీబీ (లోడు మించితే దానంతటదే పడిపోయే స్విచ్)
- ఇంటి మొత్తానికి 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్)

ఆర్‌సీసీబీ దగ్గర పొదుపు వద్దు. తడి చేత్తో గీజర్ స్విచ్ ముట్టుకున్న పిల్లవాడిని కాపాడేది అదే. అయితే అంతకుముందు ఎర్త్ వైరు ప్రతి ప్లగ్గు దాకా వచ్చిందో లేదో చూపించమనండి. పాత ఫ్లాట్లలో మూడు రంధ్రాల ప్లగ్గు వెనక రెండే వైర్లు ఉండటం మామూలే.

ప్లగ్గులు ఎక్కడ కావాలో నేల మీద సామాను గీసుకుని నిర్ణయించండి. సుద్దముక్కతో మంచం, టీవీ, ఫ్రిజ్, కుట్టు మిషన్ అసలు కొలతల్లో గీయండి. మంచానికి రెండు వైపులా ఒక్కో ప్లగ్గు. వంటగట్టు మీద కనీసం నాలుగు: మిక్సీ, గ్రైండర్, ఇండక్షన్ స్టవ్, ఇంకొకటి ఖాళీగా. ఫ్రిజ్‌కు, మంచినీళ్ల ఫిల్టర్‌కు విడిగా. ఇన్వర్టర్ ఇప్పుడు కొనకపోయినా దాని లైను ఇప్పుడే వేయించుకోండి.

7. గోడలు, రంగులు

పాత రంగు గీకడం, పగుళ్లు పూడ్చడం, లప్పం రెండు పూతలు, సాండ్ పేపర్, ప్రైమర్, రంగు రెండు కోట్లు. పెయింటర్లు తగ్గించేది సాండ్ పేపర్ దగ్గర, ప్రైమర్ దగ్గర. సాయంత్రం లైటు ఆర్పి, గోడకు ఆనించి టార్చి వేయండి. లప్పం ఎగుడుదిగుడులన్నీ నీడలుగా కనిపిస్తాయి. అక్కడ పెన్సిల్‌తో సున్నాలు చుట్టి రండి.

ఎంత రంగు కావాలో మీరే లెక్క వేసుకోండి. 10 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవు, 10 అడుగుల ఎత్తు గది: చుట్టుకొలత 44, ఎత్తుతో గుణిస్తే 440 చదరపు అడుగులు. తలుపు, కిటికీ తీసేస్తే సుమారు 400. లప్పం పట్టిన గోడకు లీటరు ఎమల్షన్ రెండు కోట్లకు 50 నుంచి 70 చదరపు అడుగులు వస్తుంది. అంటే 7 లీటర్లు. పెయింటర్ ఆ ఒక్క గది గోడలకే 12 లీటర్లు అడిగితే ఎందుకో అడగండి.

ఖరీదైన రంగు ఇల్లంతా అక్కర్లేదు. హాలుకు, పిల్లల గదికి తుడిస్తే పోయే రకం, సీలింగ్‌కు, బెడ్‌రూములకు మామూలు రకం. హాలుకు ఎందుకంటే, కొండ మీద గుండు చేయించుకుని గంధం పూసుకొచ్చిన చుట్టాలు తల ఆనించేది ఆ గోడకే. ఆ పసుపు మరకలు మామూలు రంగు మీద పోవు.

కొత్తగా ప్లాస్టరింగ్ చేసిన చోట ఎండలో పైకి ఆరినట్టే కనిపిస్తుంది. 28 రోజులు ఆగండి.

8. నేల

మొజాయిక్ ఉంటే తీయకండి. మిషన్ పాలిష్ పట్టించండి, కొత్త టైల్స్ ఖర్చులో చాలా భాగం మిగులుతుంది.

టైల్స్‌లో నాలుగైదే బోలుగా మోగితే అవే మార్చండి. మొత్తం మార్చాల్సి వస్తే, పాతవి గట్టిగా ఉన్నప్పుడు వాటి మీదే అడ్హెసివ్‌తో కొత్తవి వేయొచ్చు. నేల అర అంగుళం పైగా లేస్తుంది కాబట్టి తలుపుల అడుగు కోయించాలి. మెయిన్ డోర్ గడప దగ్గర ముందే చూసుకోండి.

10 × 12 గదికి 120 చదరపు అడుగులు, కోతలకు పదో వంతు కలిపితే 132. రెండడుగుల టైల్స్ నాలుగు పట్టే పెట్టె 15.5 చదరపు అడుగులకు వస్తుంది. 9 పెట్టెలు. అన్ని పెట్టెల మీదా బ్యాచ్ నంబరు ఒకటేనా చూసి తీసుకోండి. తర్వాత తెచ్చిన పెట్టె రంగు కలవదు.

9. వంటిల్లు

గ్రానైట్ గట్టు బాగుంటే దాన్ని కదపకండి. రంగు నచ్చలేదని మార్చేవాళ్లు ఉంటారు, అది డబ్బున్నప్పటి సరదా. ఎత్తు మాత్రం చూడండి. వంట చేసేవాళ్లు నిలబడి మోచేయి మడిస్తే గట్టు అంతకన్నా నాలుగైదు అంగుళాలు కిందుండాలి. మామూలుగా అది 34 అంగుళాల దగ్గర పడుతుంది.

గట్టు కింద డబ్బాలకు ప్లైవుడ్ బదులు కడప బండ అరలు పెట్టించి, ముందు అల్యూమినియం తలుపులు బిగిస్తే సగం ఖర్చు తగ్గుతుంది. నీళ్లు పడినా బాధ లేదు, చెదలు ముట్టవు. ప్లైవుడే కావాలంటే సింకు వైపు ఐఎస్ 710 ముద్ర ఉన్నది (నీళ్లకు తట్టుకునే రకం), బెడ్‌రూము బీరువాలకు ఐఎస్ 303 (మామూలు రకం) చాలు. షీటు మీద ముద్ర చూశాకే ఆచారిని కోయనివ్వండి. కోశాక ముద్ర ఏ ముక్కలో పోయిందో ఎవరికీ తెలియదు.

గ్యాస్ సిలిండర్ పెట్టే అరకు అడుగున గాలి రంధ్రాలు పెట్టించండి. వంటగ్యాస్ గాలి కంటే బరువు, లీకైతే కిందికే దిగుతుంది. పైన పెట్టిన రంధ్రం పనికిరాదు.

10. సామాను

ఒక నెల చాపలు, పరుపులతోనే ఉండండి. ఎండ ఏ కిటికీలోంచి పడుతుందో, ఇంట్లోవాళ్లు ఎక్కడ కూర్చుంటున్నారో తెలుస్తుంది. అప్పుడు కొనండి.

తిరుపతిలో కాపురం పెట్టాక చుట్టాలు ఫోన్ చేసి "ఊరికే పలకరిద్దామని" అన్నారంటే దర్శనం టికెట్లు దొరికాయని అర్థం. దానికి తగ్గట్టే కొనాలి. పెద్ద సోఫా సెట్ కంటే లోపల సామాను పట్టే దివాన్ కాట్, మడతపెట్టే పరుపులు నాలుగు, ఉతకడానికి వీలుగా విప్పే కవర్లు. తలుపు పక్కన సంచులు, చెప్పులు పెట్టే చోటు. తడి తువాళ్లకు బాల్కనీలో అదనంగా రెండు తీగలు.

సెకండ్ హ్యాండ్ మంచాలు, టేబుళ్లు కొనేటప్పుడు తిరగేసి అడుగు చూడండి. సన్నటి రంధ్రాలు, కింద పిండిలాంటి పొడి ఉంటే పురుగు పట్టినట్టే. పాత టేకు, వేప చెక్కలకు పాలిష్ పట్టిస్తే కొత్తవాటికన్నా గట్టిగా ఉంటాయి. మామిడి చెక్క చవక, కానీ పురుగు త్వరగా పడుతుంది. పాత ఇనుప బీరువాకు తుప్పు గీకి, రెడాక్సైడ్ కొట్టి రంగు వేయిస్తే చాలు.

"ఎర్రచందనం, లోపాయికారీగా ఇప్పిస్తా" అని ఎవరైనా అంటే అక్కడ నిలబడకండి. అటవీశాఖ కాగితాలు లేని ఎర్రచందనం ఇంట్లో ఉండటమే నేరం.

కొండ పాదం వైపు ఇళ్లకు కోతులు వస్తాయి. బాల్కనీకి గ్రిల్ పెట్టించాకే కుర్చీలు, మొక్కలు.

11. తరచూ జరిగే పొరపాట్లు, సరిదిద్దడం

రంగు వేసిన నెలకే పొరలుగా ఊడుతోంది: లోపల చెమ్మ. మళ్లీ రంగు పూయకండి, ముందు నీటి దారి వెతకండి. ఆరాక ఆ భాగం ఇటుక దాకా గీకించి మొదటి నుంచి చేయించండి.

ఎంసీబీ మాటిమాటికీ పడిపోతోంది: పెద్ద ఎంసీబీ మార్చేస్తామంటే ఒప్పుకోకండి, వైరు కాలుతుంది. ఆ లైను మీద ఏమేమి నడుస్తున్నాయో చూసి రెండు లైన్లు చేయించండి.

బాత్రూము తలుపు అడుగున ఉబ్బింది: అడుగు కోసి రేకు కొట్టించడం తాత్కాలికం. పీవీసీ లేదా డబ్ల్యూపీసీ (చెక్కపొడి, ప్లాస్టిక్ కలిపి చేసినది) తలుపు పెట్టించండి.

చివరి కిస్తీ ఇచ్చే ముందు

☐ ఇంట్లోని కుళాయిలన్నీ ఒకేసారి తిప్పి చూశారా?
☐ సింకు నిండా నీళ్లు నింపి ఒక్కసారిగా వదిలి, కింద పైపు అతుకులు చేత్తో తడిమారా?
☐ ఆర్‌సీసీబీ మీదున్న టెస్ట్ బటన్ నొక్కితే కరెంటు పోయిందా?
☐ రెండు గీజర్లు, ఏసీ అరగంట కలిపి నడిపారా?
☐ ప్రతి తలుపూ నేలకు రాసుకోకుండా తెరుచుకుంటోందా?
☐ మిగిలిన టైల్స్ ఒక పెట్టె, ప్రతి రంగుదీ అర లీటరు, వాటి కోడ్ నంబర్లు అటక మీద పెట్టారా?
☐ కింది ఫ్లాట్‌వాళ్ల సీలింగ్ మరొక్కసారి చూసొచ్చారా?